మోటారులో అయస్కాంతం – మన తీరంలో ఇసుక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు తయారుచేసే పనిలో ఉన్నాను. మొదట నీళ్ల పంపుల మోటార్లు, తర్వాత ఫ్యాక్టరీల్లో తిరిగేవి, గత పదేళ్లుగా కరెంటు స్కూటర్లకు, కార్లకు వాడేవి. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఏదో ఒకటి నీ సబ్జెక్టులో మాట్లాడు, కానీ అందరికీ అర్థమవ్వాలి" అన్నారు. అందుకని ఒక ప్రశ్న ఎంచుకున్నాను. దేశమంతా కరెంటు బళ్లకు మారితే, వాటి మోటార్లకు కావలసిన ముడి సరుకు ఎంత, అది ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబులో కొంత భాగం మన బడి వెనక సముద్రం ఒడ్డున ఉంది. అందుకే దీన్ని ఇక్కడే మాట్లాడాలనిపించింది.

మన సైన్సు మాస్టారు ఎనిమిదో తరగతిలో మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్లిన సంగతి నా బ్యాచ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. లాడం ఆకారంలో ఎర్ర రంగు వేసిన అయస్కాంతం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని ఇసుకలో తిప్పితే నల్లటి గింజలు గెడ్డంలా అంటుకుని వచ్చేవి. కాగితం మీద దులిపి, పొట్లం కట్టి, ఇంటికి పట్టుకెళ్లేవాళ్లం. ఆ నల్లటిదే గొప్ప ఖనిజం, మిగిలింది ఉత్త ఇసుక అనుకున్నాం. నలభై ఏళ్లు గడిచాక చూస్తే తిరగబడింది కథ. అయస్కాంతానికి అంటుకున్నది ఎక్కువగా మాగ్నటైట్, కొంచెం ఇల్మనైట్. ఈ రోజు దేశాలన్నీ వెతుక్కుంటున్నది మేం కాగితం మీంచి పారబోసిన దాంట్లో ఉంది. తేనె రంగులో, ఇసుక కంటే దాదాపు రెట్టింపు బరువుతో ఉండే ఆ గింజ పేరు మోనజైట్. చేతి అయస్కాంతానికి అది అంటుకోదు. దాన్ని పట్టుకోవాలంటే చాలా బలమైన అయస్కాంతం కావాలి. అంత బలమైన శాశ్వత అయస్కాంతం తయారవ్వాలంటే మళ్లీ మోనజైట్ లాంటి ఖనిజంలోని మూలకాలే కావాలి.

ఇప్పుడు మోటారు లోపలికి వెళ్దాం. కరెంటు కారు మోటారు విప్పితే ముఖ్యంగా మూడు పదార్థాలు కనిపిస్తాయి. మొదటిది సిలికాన్ కలిపిన ఉక్కు రేకులు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు మందం, కొన్నిటిలో ఇంకా పలచన. ఇవి పాతిక నుంచి యాభై కిలోల దాకా ఉంటాయి. రెండోది రాగి తీగ, ఐదు నుంచి పది కిలోలు. మూడోది అయస్కాంతం, ఒకటి రెండు కిలోలు మాత్రమే. స్కూటరు మోటారులో అయితే అర కిలో లోపే.

బరువులో అన్నిటికంటే తక్కువది అయస్కాంతం. చిక్కంతా దానితోనే. ఉక్కు అనేక దేశాల్లో దొరుకుతుంది. రాగికి కొరత రావచ్చు. తూత్తుకుడి స్మెల్టర్ 2018లో మూతపడ్డాక మనం శుద్ధిచేసిన రాగిని అమ్మేకంటే కొనేదే ఎక్కువైంది. అయినా డబ్బు పెడితే రాగి దొరుకుతుంది, అవసరమైతే దాని బదులు అల్యూమినియం వాడొచ్చు. అయస్కాంతం అలా కాదు. ప్రపంచంలో తయారయ్యే రేర్ ఎర్త్ అయస్కాంతాల్లో పదింట తొమ్మిది వంతులు చైనావే.

ఈ అయస్కాంతం వయసు మన బడి వయసు కంటే తక్కువ. అంతకు ముందు బలమైన అయస్కాంతమంటే సమేరియం, కోబాల్ట్ కలిపి చేసేది. 1978లో అప్పటి జైర్ దేశంలో, కోబాల్ట్ గనులున్న షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చింది. కోబాల్ట్ ధర ఒక్కసారిగా పెరిగిపోయింది. దాంతో కోబాల్ట్ లేకుండా చేయడమెలాగని వెతకడం మొదలైంది. జపాన్‌లో సగావా, అమెరికాలో క్రోట్ విడివిడిగా ఒకే చోటికి చేరారు. నియోడైమియం, ఇనుము, కొంచెం బోరాన్. 1983, 84 ప్రాంతంలో లోకానికి తెలిసింది. అంటే మేం ఎనిమిదో తరగతిలో ఒడ్డున గింజలు ఏరుకుంటున్న రోజుల్లోనే. పాత ఫెర్రైట్ అయస్కాంతంతో పోలిస్తే దీనిలో దాచగలిగే శక్తి సుమారు పది రెట్లు. చిన్న మోటారు పెద్ద బండిని లాగగలగడానికి కారణం ఇదే.

విద్యార్థులు ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. ముడి సరుకు కరువే ఆ కొత్త అయస్కాంతాన్ని పుట్టించింది. రేపటి గిరాకీ ఇంత అని ఎవరైనా ఒక అంకె చెబితే, ఆ అంకె రాతి మీద రాసింది కాదని అర్థం చేసుకోండి. మనుషులు మోటారును ఎలా గీస్తే ఆ అంకె అలా మారుతుంది.

ఈ అయస్కాంతానికి ఒక బలహీనత ఉంది. వేడి. మామూలు రకం ఎనభై డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి డిస్ప్రోసియం, టెర్బియం అనే మరో రెండు మూలకాలు కొద్దిగా కలుపుతారు. ఇవి మరీ తక్కువగా దొరికేవి, మరీ ఖరీదైనవి. 2025 ఏప్రిల్ 4న చైనా ఈ రెండిటితో కలిపి ఏడు రేర్ ఎర్త్ మూలకాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది. లైసెన్సు లేనిదే సరుకు కదలదు.

ఆ వేసవి నేను మరిచిపోలేను. మా దగ్గర ఉక్కు ఉంది, రాగి ఉంది, మనుషులున్నారు. చుట్టిన స్టేటర్లు వరసగా పేర్చి ఉన్నాయి. రోటర్లలో పెట్టడానికి అయస్కాంతాలు లేవు. కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాళ్లను కొన్నాళ్లు ఇంటికి పంపాల్సి వచ్చింది. వాళ్లలో మన జిల్లా వాళ్లూ ఉన్నారు. "సార్, ఎప్పుడు రమ్మంటారు" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తప్పు చైనాది అనడం సులువు. నా తప్పు కూడా చెప్పాలి. ఆ మోటారు డిజైను నాది. నేను ఎంచిన అయస్కాంతం 150 డిగ్రీల వేడి తట్టుకునే రకం, అంటే డిస్ప్రోసియం బాగా పట్టే రకం. ఎందుకు ఎంచాను? భయం కొద్దీ. సరుకు చవగ్గా దొరికే రోజుల్లో ఎక్కువ రకం వేసేస్తే ఎవరూ ప్రశ్నించరు. పని ఆగిపోయాక, చేసేదిలేక, రోటరు లోపల వేడి కొలిచే ఏర్పాటు చేసి, ఎండలో, ఘాట్ రోడ్డు మీద, ముగ్గురిని ఎక్కించి బండి నడిపించాం. ఎన్నిసార్లు కొలిచినా 110 డిగ్రీలు దాటలేదు. ఐదేళ్ల కిందట చేయవలసిన పరీక్ష అది. 120 డిగ్రీల రకంతో, గాలి బాగా తగిలేలా కవరు మార్చి, ఆకారం సరిచేసి, బరువు కూడా కొంత తగ్గించాం. డిజైను మారింది, బండి పరుగులో తేడా రాలేదు. అప్పుడు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఇది ఉజ్జాయింపు మాత్రమే, బల్ల మీద పెన్సిలుతో వేసే లెక్క. మన దేశంలో ఏటా సుమారు రెండు కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడవుతాయి. 40 లక్షలకు పైగా కార్లు అమ్ముడవుతాయి. ఏదో ఒక రోజుకి బళ్లలో సగం, కార్లలో మూడో వంతు కరెంటువి అయ్యాయనుకోండి. బండికి 400 గ్రాముల అయస్కాంతం చొప్పున కోటి బళ్లకు 4,000 టన్నులు. కారుకి కిలోన్నర చొప్పున 15 లక్షల కార్లకు 2,250 టన్నులు. రెండూ కలిపి ఏటా 6,250 టన్నులు. ఆటోలు, బస్సులు, గాలిమరలు ఇందులో కలపలేదు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. దాని లక్ష్యం ఏటా 6,000 టన్నులు. అంటే ఆ ఫ్యాక్టరీలన్నీ అనుకున్నట్టు నడిచినా నా లెక్కకి కాస్త అటూ ఇటూ సరిపోతాయంతే.

ఈ అయస్కాంతాలకు ఖనిజం ఎంత కావాలి? కిలో అయస్కాంతంలో సుమారు 300 గ్రాములు నియోడైమియం, దాని జంట ప్రాసియోడైమియం. మిగిలింది దాదాపు అంతా ఇనుమే. ఆ 300 గ్రాముల కోసం మన మోనజైట్ మూడు కిలోల పైన కావాలి. ఇక్కడే అసలు సంగతి ఉంది. వడ్లు మరకు వేస్తే బియ్యం ఒక్కటే రావు కదా. నూకలు, తవుడు, ఊక కూడా వస్తాయి. మోనజైట్ కూడా అంతే. మనకు కావలసిన బియ్యం నియోడైమియం. దానితోబాటు కిలోకి పైగా లాంథనం, సీరియం ఆక్సైడ్లు వస్తాయి. గాజు మెరుగుపెట్టడానికి, పెట్రోలు శుద్ధిచేసే చోట కాటలిస్టుకి వాడతారు కానీ, అంతా అమ్ముడుపోయేంత బేరం ఉండదు. తవుడు కొనేవాడు లేకపోతే ఆ నష్టమంతా బియ్యం మీదే పడుతుంది. పైగా పావు కిలోకు మించి థోరియం ఆక్సైడ్ వస్తుంది. అది రేడియోధార్మికత ఉన్న పదార్థం, అణుశక్తి విభాగం కనుసన్నల్లో భద్రంగా ఉంచాలి. అందుకే మోనజైట్ మీద ఇంత అదుపు.

రేర్ ఎర్త్ అన్న పేరు చూసి అవి చాలా అరుదనుకోవద్దు. సీరియం భూమి పొరల్లో దాదాపు రాగి అంత ఉంది. కష్టమంతా విడదీయడంలో ఉంది. ఈ మూలకాలన్నీ రసాయన గుణాల్లో కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాన్నించి ఇంకొకదాన్ని తీయడానికి ద్రావకాల్లో వందల సార్లు కడగాలి. ఆక్సైడును లోహం చేయాలి, లోహాన్ని మిశ్రమం చేయాలి, గాలి తగలకుండా పొడి చేయాలి, అయస్కాంత క్షేత్రంలో నొక్కి కాల్చాలి. చైనా బలం గనులకంటే ఎక్కువగా ఈ మెట్లలో ఉంది. మన దగ్గర ఐఆర్ఈఎల్ 1950 నుంచి ఉంది. ఇసుక వేరుచేయడం, రేర్ ఎర్త్ తీయడం మనకు కొత్త కాదు. విశాఖపట్నంలో 2023లో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు మొదలైంది. ఏటా మూడు వేల కిలోల స్థాయి, రక్షణ, అంతరిక్ష అవసరాల కోసం. హైదరాబాదులో డీఎంఆర్ఎల్, ఎన్ఎఫ్‌టీడీసీ, ఏఆర్‌సీఐ లాంటి సంస్థల్లో ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. కిలోల్లో చేయడం వచ్చు. టన్నుల్లో, బండి కొనేవాడికి గిట్టే ధరలో చేయడం ఇంకా రావాలి.

ఇక మన ఒడ్డుకి వద్దాం. దేశంలో గుర్తించిన మోనజైట్ నిల్వలు దాదాపు కోటీ 30 లక్షల టన్నులు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 37 లక్షల టన్నులకు అటూ ఇటూ, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు ఇసుకల పేర్లు భూగర్భ శాస్త్రవేత్తల పుస్తకాల్లో ఉన్నాయి. మన మోనజైట్‌లో నియోడైమియం ఉంది కానీ, డిస్ప్రోసియం చెప్పుకోదగ్గంత లేదు. నేను భయం కొద్దీ వేసిన పదార్థం మన ఇసుకలో లేనిదే. మోటారు గీసేవాడు ఆ ఒక్కటి అడగకుండా ఉంటే, మిగిలినవి మన దేశంలోనే దొరుకుతాయి.

నిన్న రాత్రి భోజనాల దగ్గర నా క్లాస్‌మేట్ ఒకడు, ఇప్పటికీ వేటకెళ్లేవాడు, ఇదంతా విని ఒక మాట అన్నాడు. "అయితే ఒరే ఇంజినీరూ, మా ఇసక తవ్వుకెళ్లి మీరు కార్లు చేస్తారన్నమాట. మాకేటి మిగుల్తాది? గొయ్యా?" నేను నవ్వేసి ఊరుకోబోయాను. వాడు నవ్వలేదు. "తిత్లీ వచ్చినప్పుడు మా పేట ముందర ఆ దిబ్బ నేకపోతే సముద్రం ఇంట్లోకొచ్చీది. దిబ్బ మీకు గని. మాకు గోడ" అన్నాడు.

రాత్రి నిద్రపట్టక ఆ లెక్క కూడా వేశాను. 6,250 టన్నుల అయస్కాంతానికి మోనజైట్ సుమారు 20,000 టన్నులు. ఇసుకలో మోనజైట్ నూరింట అర వంతు ఉందనుకుంటే, ఏటా 40 లక్షల టన్నుల ఇసుక కదిలించాలి. అందులో చాలా భాగం ఖనిజాలు తీశాక తిరిగి అక్కడే పోయొచ్చు. కానీ దిబ్బ ఎత్తు, దాని మీది సరుగుడు, కింద నిలిచే మంచినీరు పోసినంత మాత్రాన తిరిగి రావు. అందుకు ఏళ్లు పడుతుంది, పట్టుబట్టి చేయించేవాళ్లు కావాలి.

ఇక రెండో లెక్క. నాలాంటి డిజైనర్లు మోటారుకి నాలుగో వంతు అయస్కాంతం తగ్గించగలిగితే, బండికి 400 గ్రాములు కాకుండా 300 అయితే, ఏటా పది లక్షల టన్నుల ఇసుక కదిలించనక్కరలేదు. వంద గ్రాములు! నా బల్ల మీద గీత కొంచెం జరిపితే మిగిలే ఆ నాలుగో వంతు మా వాడి గోడలో పది లక్షల టన్నులు. ముప్ఫై ఏళ్లలో ఈ రెండిటినీ ఒకే కాగితం మీద ఎప్పుడూ రాసుకోలేదు నేను.

తగ్గించే దారులు ఉన్నాయి. టెస్లా మొదటి మోడల్ ఎస్ కార్లు అయస్కాంతం లేని ఇండక్షన్ మోటారుతోనే నడిచాయి. బీఎండబ్ల్యూ, రెనో రోటరులో అయస్కాంతం బదులు రాగి తీగ చుట్టిన మోటార్లు వాడుతున్నాయి. హోండా 2016లో డిస్ప్రోసియం, టెర్బియం లేని అయస్కాంతాన్ని హైబ్రిడ్ కారులో పెట్టింది. టొయోటా 2018లో నియోడైమియం కొంత తగ్గించి, ఆ చోట ఎవరూ కొనని లాంథనం, సీరియం వేసిన అయస్కాంతం చూపించింది. అంటే తవుడుకి కూడా బేరం వెతికింది. ఊరికే ఏదీ రాదు. ఇండక్షన్ మోటారు రోటరులో కరెంటు వేడిగా పోతుంది, ఆ మేరకు బ్యాటరీ పెద్దది కావాలి. ఫెర్రైట్ వేస్తే మోటారు బరువెక్కుతుంది. ఊళ్లో తిరిగే స్కూటరుకి ఒకటి సరిపోతుంది, బరువు మోసే బండికి ఇంకొకటి కావాలి. ఏ బండికి ఏది చాలునో తెలుసుకుని వేయడమే ఇంజినీరు పని.

ఇంకో గని కూడా ఉంది, పాత సామాన్లది. పాత కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లో, కొన్ని స్పీకర్లలో ఈ అయస్కాంతాలే ఉన్నాయి. రేపు పాతబడ్డ స్కూటర్లు లక్షల్లో వస్తాయి. విప్పడానికి వీల్లేకుండా జిగురుతో అతికించేస్తున్నాం కాబట్టి ఇప్పుడు అవన్నీ ఇనప తుక్కులో కలిసి కరిగిపోతున్నాయి. సులువుగా ఊడేలా గీయడం కూడా మా చేతిలో పనే.

చివరిగా మూడు మాటలు.

విద్యార్థులకు: కంప్యూటర్ చదువులు చదవండి, వద్దనను. కానీ రసాయన శాస్త్రం, లోహశాస్త్రం పాత చదువులనుకోకండి. ఇసుకకీ అయస్కాంతానికీ మధ్య ఉన్న మెట్లన్నీ ఆ చదువులవే. ఆ మెట్లు ఇక్కడ కట్టుకోలేకపోతే ఇసుక పోతుంది, ఉద్యోగాలు ఇంకో చోట ఉంటాయి, మన పిల్లలు వేరావల్ పడవలెక్కుతూనే ఉంటారు.

ఊరి పెద్దలకు: తవ్వకాల మాట వచ్చినప్పుడు ఔనా కాదా అన్నదొక్కటే అడగొద్దు. దిబ్బ ఏ ఎత్తున తిరిగి కడతారు, నీళ్ల బావుల్లో ఉప్పు ఎవరు కొలుస్తారు, థోరియం ఎక్కడ ఉంచుతారు, ఏ మెట్టు దాకా పని ఈ జిల్లాలో చేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితాలు చదివి పెట్టడానికి మా బ్యాచ్‌లో నలుగురు ఇంజినీర్లం ఒప్పుకున్నాం.

మూడోది నాకు నేనే చెప్పుకునేది. సరుకు చవగ్గా దొరుకుతోంది కదా అని ఇకమీద ఒక్క గ్రాము కూడా భయం కొద్దీ వేయను.

మా మాస్టారి లాడం అయస్కాంతం ఇంకా ల్యాబు బీరువాలో ఉందని నిన్న హెడ్మాస్టరు గారు చూపించారు. రంగు పోయింది, బలమూ చాలా వరకు పోయింది. దాని పక్కన పెట్టమని మా కొత్త డిజైను రోటరు ఒకటి, కోసి లోపల కనిపించేలా చేసింది, తెచ్చాను. ఒడ్డు నుంచి ఒక సీసాడు ఇసుక కూడా పట్టుకొచ్చాను. మూడూ ఒకే అరలో పెట్టండి. ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించేటప్పుడు, అంటుకున్న గింజలతో పాటు కాగితం మీద మిగిలిన వాటి గురించి కూడా చెప్పండి.